కాలిబాటలకు, సైకిల్ దారులకు కాలిఫోర్నియా ఇచ్చే గ్రాంటు: దరఖాస్తు పెట్టే ఊరి వైపు నుంచి ఒక సమీక్ష

కాలిఫోర్నియాలో ఏ ఊరైనా నడిచేవారి కోసమో సైకిల్ తొక్కేవారి కోసమో ఏదైనా కట్టాలనుకుని, సొంత ఖజానాలో అంత సొమ్ము లేకపోతే, ముందుగా చూసేది యాక్టివ్ ట్రాన్స్‌పోర్టేషన్ ప్రోగ్రామ్ వైపే. ఏటీపీ అని అందరూ పిలుచుకునే ఈ పథకాన్ని రాష్ట్ర శాసనసభ 2013లో ఏర్పాటు చేసింది. బడికి సురక్షితమైన దారులు, సైకిల్ మార్గాలు అంటూ అప్పటిదాకా విడివిడిగా నడుస్తున్న నిధులను ఒక్కచోటికి చేర్చింది. ఎవరికి ఎంత ఇవ్వాలో కాలిఫోర్నియా ట్రాన్స్‌పోర్టేషన్ కమిషన్ నిర్ణయిస్తుంది, ఆ తర్వాతి కాగితాల పనంతా రాష్ట్ర రవాణా శాఖ అయిన కాల్‌ట్రాన్స్ చూస్తుంది. మా ఊరి పాదచారుల, సైకిలిస్టుల సలహా సంఘంలో సభ్యుడిగా ఒక దరఖాస్తు తయారవుతుండగా దగ్గరుండి చూసినవాడిగా నా అభిప్రాయం ఇది: ఎంపిక పద్ధతి విషయంలో ఇంత తేటగా నడిచే ప్రభుత్వ గ్రాంటు అరుదు, అయితే ఆ పద్ధతిని తట్టుకుని నిలబడే స్తోమత ఉన్న ఊళ్లకే అది ఎక్కువగా అందుతోంది.

ముందుగా మెచ్చుకోవలసినవి చెబుతాను. నిధిలో సగం రాష్ట్రవ్యాప్త పోటీకి, పది శాతం రెండు లక్షలు లేదా అంతకన్నా తక్కువ జనాభా ఉన్న ప్రాంతాలకు, మిగిలిన నలభై శాతం పెద్ద నగర ప్రాంతాల ప్రణాళికా సంస్థలకు పోతుంది. మొత్తంలో కనీసం పాతిక శాతం వెనుకబడిన వాడలకు మేలు చేయాలన్నది నిబంధన. వెనుకబాటును కూడా నోటిమాటగా కాక, కుటుంబ ఆదాయం రాష్ట్ర మధ్యస్థ ఆదాయంలో ఎనభై శాతానికి తక్కువగా ఉండటం, బడిలో డెబ్బై ఐదు శాతం పిల్లలు ఉచిత లేదా రాయితీ భోజనానికి అర్హులు కావడం వంటి కొలతలతో చూపాలి. ఫెడరల్ గ్రాంట్లలో చాలావాటికి ఊరు తన వాటాగా ఇరవై శాతం పెట్టుకోవాలి. ఏటీపీలో అలాంటి వాటా తప్పనిసరి కాదు. ఫలితాలు వచ్చాక ఏ దరఖాస్తుకు ఎన్ని మార్కులు వచ్చాయో జాబితా అందరికీ కనిపించేలా పెడతారు. ఈ ఒక్క అలవాటు వల్లనే పథకం మీద నాకు గౌరవం పెరిగింది, ఎందుకంటే ఓడిపోయిన ఊరు గెలిచిన ఊరి దరఖాస్తును తెరిచి చదివి, తాను ఎక్కడ తగ్గిందో తెలుసుకోగలదు.

ఇక దరఖాస్తు సంగతి. అది ఫారం నింపడంతో తేలే వ్యవహారం కాదు. బడి పక్కన నాలుగు రోడ్ల కూడలిలో జీబ్రా గీతలు, కాలిబాట అంచున వాలు, మధ్యలో ఆగి నిలబడే చిన్న దిమ్మె కావాలని అడగాలంటే, అక్కడ ఇప్పుడు ఎంతమంది దాటుతున్నారో లెక్కపెట్టాలి. ఆ లెక్క కోసం మా సంఘంలోని వాళ్లమే బడి వదిలే వేళకు అట్ట, కాగితం పట్టుకుని మూల మీద నిలబడి, నడిచేవారికి ఒక గీత, సైకిలుకు ఒక గీత, తోపుడు బండిలో పసిపాపతో వచ్చే తల్లికి వేరే గడిలో ఒక గీత గీశాం. తర్వాత బర్క్‌లీ విశ్వవిద్యాలయం నడిపే టిమ్స్ అనే ప్రమాదాల పటంలోంచి ఆ కూడలి చుట్టుపక్కల జరిగిన ప్రమాదాలను వెలికి తీసి జతచేయాలి. రోడ్డు అడ్డుకోత చిత్రాలు, ఫొటోలు, ఖర్చు అంచనా, వాటన్నిటినీ సరిచూశానని లైసెన్సు ఉన్న ఇంజనీరు వేసే ముద్ర, ఇవన్నీ ఉండాలి. కాలిఫోర్నియా కన్సర్వేషన్ కోర్‌ అనే యువజన దళం ఈ పనిలో పాలుపంచుకుంటుందేమో ముందే అడగాలి, అడగడం మరిచిపోతే మార్కులు కోస్తారు. ఒక్కొక్కటిగా చూస్తే ప్రతి షరతుకూ కారణం కనిపిస్తుంది. అన్నీ కలిసి వచ్చిపడినప్పుడు మాత్రం, ప్రజాపనుల విభాగంలో ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉండే చిన్న ఊరు ఏం చేయగలదు? కన్సల్టెంటును పెట్టుకోవాలి. గెలుస్తామో లేదో తెలియని పందేనికి ఆ రుసుము సొంత డబ్బులోంచే చెల్లించాలి. పేద వాడలకు పాతిక శాతం కేటాయించిన పథకంలో ప్రవేశ రుసుము ఇలా ఉండటం నాకు మింగుడుపడలేదు.

దీనికన్నా పెద్ద చిక్కు నిధి పరిమాణం. 2017లో పెట్రోలు పన్ను పెంచిన చట్టం ఏటా పది కోట్ల డాలర్లు అదనంగా చేర్చింది. 2022లో బడ్జెట్ మిగులు బాగా ఉన్నప్పుడు ఒకేసారి 105 కోట్ల డాలర్లు కలిపారు. ఆ ఏడాది జరిగిన ఆరో విడత పోటీకి 434 దరఖాస్తులు వచ్చి 310 కోట్ల డాలర్లు అడిగినా, చాలా ఊళ్లకు ఎంతోకొంత దక్కింది. 2024లో లోటు వచ్చేసరికి ముందుగా కోత పడిన వాటిలో ఇదీ ఒకటి. ఏడో విడతలో 277 దరఖాస్తులు దాదాపు 250 కోట్ల డాలర్లు అడిగితే, పంచడానికి ఉన్నది సుమారు 17 కోట్లు. అంటే అడిగిన ప్రతి పదిహేను డాలర్లకు ఒక్క డాలరు. ఇంత ఇరుకులో నూటికి తొంభై మార్కులు తెచ్చుకున్న పనికి, దానికన్నా ఒకటి రెండు మార్కులు ఎక్కువ వచ్చిన పనికి మధ్య ఉన్న తేడా రోడ్డు మీది అవసరంలో ఉన్న తేడా అని నమ్మడం కష్టం. అది ఎక్కువగా రాతపనిలో ఉన్న తేడా.

గెలిచిన తర్వాత కూడా సొమ్ము ఒక్కసారిగా చేతికి రాదు. పర్యావరణ పరిశీలన, డిజైను, స్థల సేకరణ, నిర్మాణం అనే దశలున్నాయి. ఒక్కో దశకు కమిషన్ విడిగా మంజూరు ఇవ్వాలి, మంజూరుకు ముందు చేసిన ఖర్చు లెక్కలోకి రాదు, మంజూరయ్యాక ఊరు ముందు తన చేతి డబ్బు పెట్టి, బిల్లులు పంపి, తర్వాత తిరిగి రాబట్టుకోవాలి. దరఖాస్తు నాటి అంచనాకు, టెండరు నాటి ధరకు మధ్య ఏళ్లు గడుస్తాయి కాబట్టి పెరిగిన ఖర్చు ఊరి నెత్తినే పడుతుంది. ప్రజాధనానికి ఈ జాగ్రత్త ఉండవలసిందే, కాదనను. కానీ కాలిబాటకు వాలు పోయడానికీ, వంతెన కట్టడానికీ ఇంచుమించు ఒకే దారిలో నడిపించడం అతి. తాత్కాలిక స్తంభాలతో, రంగుతో త్వరగా ముగించే పనులకు ప్రత్యేకంగా ఒక విభాగాన్ని ప్రవేశపెట్టడం సరైన దిశలో వేసిన అడుగు. దాన్ని ఇంకా పెంచాలి.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా శివార్లలో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు ఈ విషయం దూరపుదిగా అనిపించవచ్చు గానీ, విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండే అమ్మానాన్నలకు ఇక్కడ కారు నడపడం రాదు, పార్కుకో గుడికో నడిచే పోవాలి. ఆరు వరసల రోడ్డు దాటడానికి సిగ్నలు ఇచ్చే సమయం చాలక వాళ్లు మధ్యలో తత్తరపడటం చాలామందిమి చూశాం. దరఖాస్తులో ప్రజల భాగస్వామ్యానికి మార్కులుంటాయి. ఊరి కార్యాలయం అభిప్రాయాలు అడిగినప్పుడు, అందరూ సంతకం పెట్టే ఒకే నమూనా ఉత్తరం కాకుండా, ఏ మూల దగ్గర, ఏ వేళలో, ఎవరికి ఇబ్బంది అవుతోందో రాసి ఇచ్చిన సొంత ఉత్తరాలు దరఖాస్తు రాసేవారికి నిజంగా పనికొస్తాయి. మా దరఖాస్తులో బలంగా నిలిచిన పేరాలు అలాంటి ఉత్తరాల్లోంచి వచ్చినవే.

సొంత ఇంజనీర్లు, సిద్ధంగా ఉన్న సైకిల్ ప్రణాళిక, ఒకటి రెండేళ్లు ముందుగా ఖర్చు భరించే శక్తి ఉన్న ఊరికి ఏటీపీని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. అవి లేని చిన్న ఊరు మాత్రం నేరుగా నిర్మాణానికి అడగకుండా, ఇదే పథకంలో ప్రణాళిక తయారీకి ఇచ్చే గ్రాంటుతో మొదలుపెట్టడం మేలు. దరఖాస్తుల పిలుపు రెండేళ్లకోసారి వస్తుంది, గడువు సాధారణంగా జూన్‌లో ముగుస్తుంది. కాబట్టి బడులకు వేసవి సెలవులు ఇవ్వకముందే కూడళ్ల దగ్గర లెక్కలు పూర్తి చేసుకోవాలి.