పక్షి పాటలో ఆడ, మగ తేడా: ఏ పక్షిని అడిగితే మేలు?

ఆడ, మగ పక్షుల మెదడులో పాటను నడిపే నాడీకణాల గుంపుల మధ్య కొట్టొచ్చినట్టు తేడా ఉందని 1976లో ఫెర్నాండో నాటెబోమ్, ఆర్థర్ ఆర్నాల్డ్ అనే శాస్త్రవేత్తలు చూపారు. వారు పరిశీలించినవి కానరీ, జీబ్రా ఫించ్ అనే రెండు పాట పక్షులను. రెండింటిలోనూ మగ పక్షిలోనే ఆ గుంపులు పెద్దవి. తేడా ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే వీటిలో ఏది మేలు?

కానరీలో ఆడది కొద్దిగా పాడుతుంది. పెద్దయ్యాక టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోన్ ఇస్తే మగదానిలా గొంతెత్తుతుంది, ఆ గుంపులూ పెరుగుతాయి. ఎదిగిన మెదడు కూడా ఇంతగా మారగలదని చూపడంలో కానరీకి సాటి లేదు. కానీ తేడాకు తొలి బీజం ఎక్కడ పడిందో అది చెప్పదు.

ఆ ప్రశ్నకు జీబ్రా ఫించే సరైనది. ఇందులో ఆడది పాడదు. పెద్దయ్యాక టెస్టోస్టెరాన్ ఇచ్చినా పాడదు. పిల్లగా ఉన్నప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ ఇస్తే మాత్రం మెదడు మగ తరహాకు మళ్లుతుంది. అంటే అంతా హార్మోన్ల పనేనా? కాదని ఒకే ఒక్క పక్షి తేల్చింది. 2003లో వెలువడిన ఆ పరిశోధన నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది. ఆ జీబ్రా ఫించ్ శరీరంలో కుడి సగం మగ, ఎడమ సగం ఆడ. రెండు వైపులా పారేది ఒకే రక్తం, అందులోవి ఒకే హార్మోన్లు. అయినా పాటకు కీలకమైన హెచ్‌వీసీ అనే గుంపు కుడివైపే పెద్దది! కణాల్లోని జన్యువులకూ ఇందులో పాత్ర ఉందన్నమాట. అయితే ఎడమవైపు కూడా మామూలు ఆడ పక్షి కంటే మగ తరహాలోనే ఉంది కనుక, హార్మోన్ల వంటి వాటినీ కొట్టిపారేయలేం.

అందుకే నా ఓటు జీబ్రా ఫించ్‌కే. కానీ దాన్ని చూసి ‘ఆడ పక్షులు పాడవు’ అనడం పెద్ద తప్పు. సమాచారం దొరికిన పాట పక్షుల జాతుల్లో 71 శాతంలో ఆడవీ పాడతాయని 2014లో ఒక విస్తృత పరిశీలన తేల్చింది. జంటగా పాడే బే రెన్ అనే పక్షుల్లో ఆడ, మగ పాటల సంఖ్య దాదాపు సమానం, మెదడులోని ఆ గుంపుల పరిమాణమూ దాదాపు సమానమే. దగ్గరి బంధువైన మరో రెన్ జాతిలో మగదానికి పాటలు ఎక్కువ, గుంపులూ పెద్దవి.

పైగా చిన్నదైనంత మాత్రాన ఆ గుంపు ఊరికే ఉండదు. హెచ్‌వీసీ దెబ్బతిన్న ఆడ కానరీ తన జాతి పాటకు స్పందించినట్టే పరాయి జాతి పాటకూ స్పందిస్తుంది. అంటే తన జాతి పాటను వేరుగా గుర్తించడంలో ఆ గుంపుకు పాత్ర ఉందన్నమాట.