బార్టన్ హాల్ "ఫస్ట్ జనరేషన్" క్యాసెట్లని అమ్ముతున్నారు, కొనకండి

అమెరికన్ రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ పాత కచేరీ టేపుల కోసం ఆన్‌లైన్‌లో వెతుకుతున్నవాళ్లు డబ్బు పంపే ముందు ఇది చదవండి. నేను ముందు డబ్బు పంపి, ఆ తర్వాత విషయాలు తెలుసుకున్నాను. షిప్పింగ్‌తో కలిపి 185 డాలర్లు పోయాయి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ క్యాసెట్లను ఒక పెద్దమనిషి చేతిలో బహుమతిగా పెట్టాను. పోయిన పరువు డాలర్లలో లెక్కకట్టలేను.

ప్రకటన ఇదీ. పది క్యాసెట్లు, 1977 వసంతంలో జరిగిన ఐదు షోలు. "సౌండ్‌బోర్డ్, ఫస్ట్ జనరేషన్, 1978లో మాస్టర్ టేపు నుంచి నేరుగా చేసిన కాపీ" అని రాశాడు. సౌండ్‌బోర్డ్ అంటే జనం మధ్య మైకు పెట్టి కాక, స్టేజీ సౌండ్ మిక్సర్ నుంచే నేరుగా ఎక్కించిన రికార్డింగు; ఫస్ట్ జనరేషన్ అంటే అసలు టేపు నుంచి చేసిన మొదటి కాపీ. పైగా ఒక పెన్‌డ్రైవ్ ఫ్రీ, అందులో అవే షోలు ఫ్లాక్ ఫైళ్లుగా, అంటే శబ్దం నాణ్యత తగ్గించని ఆడియో ఫైళ్లుగా. ఫొటోలో క్యాసెట్లు వరసగా పేర్చి ఉన్నాయి. అట్టల మీద చేతిరాత, కాస్త పసుపు పట్టిన కాగితం. అన్నిటికంటే పైన 5/8/77.

ఈ తేదీ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. 1977 మే 8, ఆదివారం. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా అనే ఊళ్లో, కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్‌లో ఈ బ్యాండు వాయించింది. మే నెలలో ఆ రాత్రి మంచు కురిసింది. డెడ్ అభిమానులను లేపి అడిగినా చెప్పే తేదీ అది. 2011 సంవత్సరానికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితాలో ఈ కచేరీని చేర్చింది. ఇంత పేరున్న షో కాబట్టే మోసగాళ్లు ముందు దీన్నే పట్టుకుంటారు. నాకు ఆ తెలివి అప్పుడు లేదు.

నేను పుట్టింది తెనాలిలో, ఉంటున్నది న్యూజెర్సీలో. ఈ బ్యాండు నాకు జాకిర్ హుస్సేన్ వల్ల పరిచయం. డెడ్ డ్రమ్మర్ మికీ హార్ట్‌తో ఆయన, ఘటం విక్కు వినాయక్‌రామ్ కలిసి వాయించిన 'ప్లానెట్ డ్రమ్' ఆల్బమ్‌కి వరల్డ్ మ్యూజిక్ విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ వచ్చింది. అది వింటుంటే మా ఆఫీసులో ఒక పెద్దాయన, "డ్రమ్ములు బాగానే ఉన్నాయి గానీ, ఆ మికీ అసలు ఏ బ్యాండువాడో విన్నావా?" అని మొదలుపెట్టారు. అంతే, పన్నెండేళ్లుగా వింటూనే ఉన్నాను. మన కచేరీలో ఒకే రాగం ఒక రోజు పది నిమిషాలు పాడి, మరో రోజు మూడు పావుగంటలు పాడితే ఎలా ఉంటుందో, వీళ్లదీ అదే తంతు. ఏ రాత్రి పాటల వరస మరో రాత్రి ఉండదు. అందుకే జనం ఆల్బమ్‌ల వెంట కాక తేదీల వెంట పడతారు.

ఆ పెద్దాయన మొన్న రిటైరయ్యారు. ఎనభైలలో డెడ్ కచేరీలకు ఆయన స్వయంగా మైకు స్టాండు మోసుకెళ్లి రికార్డు చేసిన మనిషి. అలాంటాయనకు వాచీయో శాలువాయో ఏం ఇస్తాం? సరిగ్గా ఆ వారంలో ఈ ప్రకటన కంటపడింది. "పాత క్యాసెట్లకి నూట ఎనభై డాలర్లా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఒక్కసారే. ఆ ఒక్కసారీ వినాల్సింది.

పార్టీ అయ్యాక ఆయన వాళ్లింటికి తీసుకెళ్లారు. బేస్‌మెంట్‌లో ఇప్పటికీ పనిచేసే క్యాసెట్ డెక్ ఉంది. పార్సిల్ విప్పి, ముఖం వెలిగిపోతుంటే, బార్టన్ హాల్ రెండో సెట్ (విరామం తర్వాతి భాగం) ఉన్న క్యాసెట్ లోపల పెట్టారు. ఐదు నిమిషాలు కళ్లు మూసుకుని విన్నారు. తర్వాత ఏమీ అనకుండా టేపుని ఆ వైపు చివరికి తిప్పి మళ్లీ పెట్టారు. సాగుతున్న వాయిద్యం మెల్లమెల్లగా తగ్గుతూ, మర్యాదగా సెలవు తీసుకున్నట్టు ఆగిపోయింది. రెండో వైపు తిప్పితే అంతే మెల్లగా పైకి లేచింది.

"ఇది కంప్యూటర్ మీద కోశారు బాబూ" అన్నారు ఆయన, నన్ను నొప్పించకూడదన్నట్టు.

విషయం ఏమిటంటే, 90 నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలే. పాత రోజుల్లో కాపీ చేసేవాడు టేపు అయిపోతుంటే పరుగెత్తుకొచ్చి తిప్పి మళ్లీ బటన్ నొక్కేవాడు. అందుకని నిజమైన టేపులో పాట గొంతు నొక్కినట్టు టక్కున తెగుతుంది. అవతలి వైపు మధ్యలోంచి దభీమని మొదలవుతుంది. ఫేడ్ అవుట్ చేసే తీరిక ఎవడికీ ఉండేది కాదు. తెనాలిలో రికార్డింగ్ సెంటర్‌కి పాటల చిట్టా రాసిచ్చి క్యాసెట్ నింపించుకున్నవాడిని, చివరి పాట చరణం మధ్యలో తెగిపోతే షాపువాడితో గొడవ పడ్డవాడిని. ఈ సంగతి నాకే తట్టాలి. తట్టలేదు.

తర్వాత ఆయన అట్టలన్నీ టేబుల్ మీద పక్కపక్కనే పరిచారు. చేతిరాతే. కానీ అన్నిటి మీదా "సెట్ 2" అనే అక్షరాల్లో వంపు ఒకటే, పక్కన గీత ఒకటే, ఆ గీత చివర సిరా చిందిన చిన్న మరక కూడా ఒకటే. భూతద్దం పెట్టి చూస్తే రంగు చుక్కలు కనిపించాయి. ఎవరో ఒక అట్టని స్కాన్ చేసి, తేదీలు మార్చి, ఇంక్‌జెట్ ప్రింటర్‌లో పది కొట్టారు. పసుపు రంగు కూడా ప్రింటే.

ఇక ప్రకటనలోని "1978 సౌండ్‌బోర్డ్" సంగతి. ఇది అమ్మినవాడికి చరిత్ర తెలియక దొరికిపోయిన చోటు. ఆ కాలంలో బ్యాండు సౌండ్ మిక్సర్ నుంచి నేరుగా రీళ్ల మీదికి ఎక్కించింది బెట్టీ కాంటర్ జాక్సన్. అందుకే వాటిని బెట్టీ బోర్డ్స్ అంటారు. ఆ రీళ్లు ఒక స్టోరేజీ లాకర్‌లో ఉండిపోయి, అద్దె కట్టకపోవడంతో 1986లో వేలానికి వెళ్లాయి. కొన్నవాళ్ల దగ్గర్నుంచి ఆ తర్వాత అభిమానుల్లోకి పాకాయి. అంతకుముందు బార్టన్ హాల్ పేరుతో చేతులు మారినవి జనం మధ్య మైకు పెట్టి చేసిన రికార్డింగులు. మరి 1978లో సౌండ్‌బోర్డ్ కాపీ వీడి చేతికి ఎలా వచ్చింది? బ్యాండు ఆ షోని తనంతట తాను విడుదల చేసింది 2017లో, నలభై ఏళ్లు నిండినప్పుడు.

క్యాసెట్ల బండారం తెలిశాక ఇంటికొచ్చి పెన్‌డ్రైవ్ మీద పడ్డాను. ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోతున్నది ఇక్కడే. ఫైలు పేరు చివర ఫ్లాక్ అని ఉంటే నాణ్యత తగ్గని ఫైలని అనుకుంటాం. కానీ నాసిరకం ఎంపీ3ని తీసుకుని ఫ్లాక్‌గా మార్చడానికి అర నిమిషం పట్టదు. సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. నీళ్లు కలిపిన పాలని పెద్ద గిన్నెలో పోసినట్టు. దీన్ని పట్టుకోవడానికి ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో ఫైలు తెరిచి స్పెక్ట్రోగ్రామ్, అంటే ఏ స్వరస్థాయిలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ, చూడండి. నా ఫైళ్లలో 16 వేల హెర్ట్జ్ దగ్గర కత్తెరతో కోసినట్టు తిన్నని అంచు, దాని పైన నల్లగా శూన్యం. చిన్న సైజు ఎంపీ3 మిగిల్చే గుర్తు అది.

ఇక్కడే ఒక జాగ్రత్త. పైన ఖాళీ కనబడగానే దొంగ ఫైలని ఎగబడకండి. ఎఫ్ఎం రేడియోలో వచ్చిన షో అయితే సహజంగానే 15 వేలు దాటదు. నాలుగైదు చేతులు మారిన క్యాసెట్‌లో కూడా పై స్వరాలు అరిగిపోతాయి, కానీ అవి మెల్లగా మసకబారుతూ పోతాయి, గీత గీసినట్టు ఆగవు. సౌండ్‌బోర్డ్ రీలు అని చెప్పిన ఫైలులో తిన్నని గీత కనబడితే మాత్రం ఏదో తేడా ఉన్నట్టే.

ఇంకోటి కూడా చూశాను. ఫ్లాక్ ఫైలుకి ఫింగర్‌ప్రింట్ అని ఒక పొడవాటి సంఖ్య ఉంటుంది. ఈట్రీ అనే ఆన్‌లైన్ డేటాబేస్‌లో ఒక్కో తేదీకి ఎన్ని సోర్సులు (వేర్వేరు రికార్డింగులు) తిరుగుతున్నాయో, ఒక్కోదాని నంబరేమిటో, ఫింగర్‌ప్రింట్లేమిటో అభిమానులు ఏళ్ల తరబడి రాసి పెట్టారు. నావి ఒక్కటీ దేనితోనూ కలవలేదు. నిజమైన సెట్‌తో పాటు ఒక టెక్స్ట్ ఫైలు కూడా ఉంటుంది: ఎవరు రికార్డు చేశారు, ఏ మైకు, రీలు నుంచి డాట్ అనే డిజిటల్ టేపుకి, డాట్ నుంచి కంప్యూటర్‌కి ఎలా వచ్చింది, ఎక్కడ టేపు తెగితే ఎక్కడి నుంచి అతికించారు, అంతా. ఒక రకంగా ఆ టేపు ఇంటిపేరు, గోత్రం. నా పెన్‌డ్రైవ్‌లో పాటల జాబితా తప్ప ఏమీ లేదు. ఎవరో రాత్రంతా చేతులు నొప్పి పుట్టేలా మైకు పట్టుకుని నిలబడి చేసిన పని నుంచి వాళ్ల పేరు తీసేసి అమ్మడం, నాకైతే దొంగ అట్టల కంటే నీచంగా అనిపించింది.

నన్ను అసలు పడగొట్టింది రివ్యూలు. ప్రకటన కింద వాడు ఐదారు రివ్యూలు అతికించాడు. "గిటార్ పక్కన కూర్చుని విన్నట్టుంది", "మొదటి రెండు పాటల్లో లెవెల్స్ అటూఇటూ అయినా తర్వాత అద్భుతం" ఇలాంటివి. అబద్ధాలు కావు, అభిమానులు నిజంగా రాసినవే. కాకపోతే అవి వాడి టేపుల గురించి రాసినవి కావు. ఒకే షోకి సౌండ్‌బోర్డ్ ఉంటుంది, జనంలోంచి చేసినవి నాలుగైదు ఉంటాయి, రెండూ కలిపిన మ్యాట్రిక్స్ ఉంటుంది. రివ్యూ రాసేవాడు వాటిలో ఒకదాని గురించి రాస్తాడు. తేదీ ఒకటే కదా అని ఒకదాని మెప్పుని ఇంకోదానికి తగిలిస్తే, పక్కింటి అబ్బాయి మార్కుల లిస్టు చూపించి సంబంధం కుదుర్చుకున్నట్టు ఉంటుంది. నేను మురిసిపోయిన ఆ "లెవెల్స్" రివ్యూని తర్వాత వెతికి పట్టుకున్నాను. వేరే సోర్స్ కింద, వేరే షోకి ఉంది.

అసలు వీటికి డబ్బు అడగడమే తప్పు, ఇది ముందే చెప్పాల్సింది. రికార్డు చేసుకోండి, పంచుకోండి, అమ్ముకోకండి అన్నది ఈ బ్యాండు అభిమానుల్లో ఏళ్ల తరబడి నడిచిన రివాజు. 1974లో న్యూయార్క్‌లో 'డెడ్ రెలిక్స్' పత్రిక పుట్టిందే టేపులు మార్చుకునేవాళ్ల కోసం. 1984 అక్టోబరులో బర్క్లీ షోల నుంచి రికార్డు చేసేవాళ్లకు హాల్లో ప్రత్యేకంగా చోటు, టికెట్లు కేటాయించారు. టేపు కావాలంటే ఖాళీ క్యాసెట్లు, తిరుగు పోస్టేజీ స్టాంపులు పంపాలి, అంతే. ఆ పద్ధతికి 'బ్లాంక్స్ అండ్ పోస్టేజ్' అని పేరు. ఎవరైనా దాని మీద ఒక్క డాలరు అడిగినా పాతవాళ్లు వాడిని దగ్గరికి రానిచ్చేవారు కాదట.

ఇప్పుడైతే పోస్టేజీ కూడా అక్కర్లేదు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లైవ్ మ్యూజిక్ విభాగం ఉంది, అక్కడ ఈ బ్యాండు రికార్డింగులు వేలల్లో ఉన్నాయి. 2005 నవంబరులో ఒక గొడవ జరిగి, అప్పటి నుంచి సౌండ్‌బోర్డ్‌లు అక్కడ వినడానికే, జనంలోంచి చేసినవి డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. నా పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లు అక్కడ వినిపించే ఎంపీ3లని పట్టి మార్చినవే అని నా అనుమానం, రుజువు లేదు. శుభ్రమైన సౌండ్‌బోర్డ్ కావాలంటే బ్యాండు వాళ్లే 1993 నుంచి 2005 దాకా 'డిక్స్ పిక్స్' అంటూ విడుదల చేశారు, 2012 నుంచి 'డేవ్స్ పిక్స్' అంటూ చేస్తున్నారు. డబ్బు పెట్టేదేదో అక్కడ పెట్టండి.

అమ్మినవాడి మర్యాద కూడా చెప్పాలి. డబ్బు పంపేదాకా "బ్రదర్" అని, బ్యాండు గిటారిస్టు జెర్రీ గార్సియా గురించి గంటలు గంటలు కబుర్లు. "ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ కింద పంపు, ఫీజు మిగులుతుంది" అన్నాడు. అది సొంతవాళ్లకి డబ్బు పంపే ఆప్షన్, అందులో పంపితే కొనుగోలుదారుకి రక్షణ ఉండదు. నాకు తెలుసు. మూడు డాలర్లు, నాలుగు డాలర్లు మిగులుతాయని పంపాను. అట్టల ఫొటోలు తీసి పంపి ఇదేమిటని అడిగితే, మొదట "నాకూ ఎవరో ఇచ్చారు" అన్నాడు, తర్వాత "నలభై ఏళ్ల సరుకు, వాపసు లేదు" అన్నాడు, మర్నాడు బ్లాక్ చేశాడు. ఫిర్యాదు చేస్తే ప్రకటన తీసేశారు. పది రోజుల్లో వేరే పేరుతో, అదే టేబుల్ మీద, అదే చెక్క గీతలు కనబడుతూ కొత్త ఫొటో వచ్చింది. ఈసారి 1972 షోలట.

పెద్దాయన మాత్రం నన్ను ఖాళీ చేతులతో పంపలేదు. చెప్పుల పెట్టెలోంచి ఒక క్యాసెట్ తీసి ఇచ్చారు, 1985లో ఆయనే చేసినది. నలభై ఐదో నిమిషంలో, గిటార్ పైకి పైకి వెళ్తుండగా, టక్ అని తెగుతుంది. ఆ దొంగ పదింటినీ మాత్రం వెనక్కి ఇవ్వలేదు, మీద ఏదైనా చెరిపి రాసుకుంటానని అట్టిపెట్టుకున్నారు.

ఇప్పుడు మీతో పని. మీ దగ్గర ఎవరికైనా ఈ మధ్య ఇలా వచ్చిన క్యాసెట్లు ఉంటే అట్ట తీసి చూడండి. తెల్లని కాగితం మీద పసుపు, నీలం సిరా రాత, "సెట్ 2" పక్కన కిందికి జారిన గీత, దాని చివర కందిగింజంత మరక. అది కనబడితే ఫొటో తీసి ఉంచి, ఏ నెలలో ఎంతకు కొన్నారో ఇక్కడ రాయండి. ఇద్దరు ముగ్గురి ఫిర్యాదులు కలిపి పంపితే ఈసారి ప్రకటన ఒక్కటే కాదు, అకౌంటు కూడా పోతుందని ప్రకటన వచ్చిన సైటు సపోర్ట్ వాళ్లు నాతో అన్నారు.