ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్ పోయిందనగానే డబ్బులు కట్టేయకండి

బీఎస్6 డీజిల్ బండి ఉన్నవాళ్లు, సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకునేవాళ్లు ఇది ఒకసారి చదవండి. చెక్ ఇంజిన్ లైటు వెలిగి స్కానర్‌లో ఎగ్జాస్ట్ (పొగ గొట్టం) వేడి కొలిచే సెన్సార్ తాలూకు కోడ్ పీ0545 అనో పీ0546 అనో వస్తే చాలా గ్యారేజీల్లో ఒకటే మాట: "సెన్సార్ పోయింది సార్, మార్చాలి." మాకూ అదే చెప్పారు, మార్చారు, బిల్లు వేశారు. వారం తిరక్కుండానే లైటు మళ్లీ వెలిగింది. ఈసారి "డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) జామ్ అయింది, మొత్తం మార్చాల్సిందే" అంటూ లక్ష దాటిన ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. పాత సెన్సార్ ఏదయ్యా అంటే చెత్తలో పడేశారట.

అసలు ఆ కోడ్ సెన్సార్ పోయిందని చెప్పదు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజ్ మరీ తక్కువగా ఉంటే 0545, మరీ ఎక్కువగా ఉంటే 0546, అంతే. తప్పు సెన్సార్‌లో ఉండొచ్చు, సాకెట్‌లో ఉండొచ్చు, ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) దాకా వెళ్లే వైరులో ఉండొచ్చు.

బండిని ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపించాం. రాత్రంతా చల్లబడిన ఇంజిన్ మీద, స్టార్ట్ చేయకుండానే స్కానర్‌లో లైవ్ డేటా (సెన్సార్లు ఆ క్షణంలో చూపే అంకెలు) పెట్టాడు. మిగతా ఎగ్జాస్ట్ సెన్సార్లు బయటి వేడికి కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. మొదటిది మాత్రం మైనస్ 40. మే నెలలో, విజయవాడలో! తర్వాత సాకెట్ ఊడదీశాడు. వైరింగ్ బాగుంటే ఆ అంకె అమాంతం పైకి ఎగరాలి. కదల్లేదు. "సెన్సార్ పీకేసినా అదే చూపిస్తోందంటే ఇక సెన్సార్‌ది ఏం తప్పండీ?" అన్నాడు. టేపు విప్పుకుంటూ వెళ్తే, క్లిప్పు విరిగి వైరు హీట్ షీల్డ్ మీద వాలిపోయి ఉంది. అక్కడ తొడుగు కరిగి రాగి తీగ రేకుకు తగులుతోంది. కొత్త ముక్క వేసి సోల్డర్ చేసి, వేడికి ఆగే స్లీవ్ తొడిగి, క్లిప్పు బిగించాడు.

మరి డీపీఎఫ్? లోపల మసి కాలాలంటే సుమారు 600 డిగ్రీల వేడి కావాలి. ఎంత వేడి ఉందో తెలియకపోతే ఈసీయూ రీజెన్ (మసిని కాల్చే పని) మొదలుపెట్టదు, మసి పేరుకుపోతుంది. వైరు బాగయ్యాక స్కానర్‌తో రీజెన్ చేయిస్తే ప్రెజర్ మామూలుకొచ్చింది.

సెన్సార్ మీదే అనుమానం ఉంటే మల్టీమీటర్‌తో ఓమ్స్ (రెసిస్టెన్స్) చూడమనండి. పీటీ200 రకమైతే 0 డిగ్రీల దగ్గర 200 ఓమ్స్, 30 డిగ్రీల దగ్గర 220కి కాస్త పైన ఉంటుంది. అన్ని బండ్లకూ ఆ రకమే ఉండదు, మీ మోడల్ లెక్క అడగండి. పాత పార్టు అక్కడే చేతికి తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ వాళ్లకు ఇంకో మాట. అమ్మేవాళ్లు కోడ్ చెరిపేసి బండి చూపిస్తారు. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు (బండి తనంతట తాను చేసుకునే పరీక్షలు) చాలావరకు 'ఇన్‌కంప్లీట్' అని ఉంటే ఈమధ్యే చెరిపారని అనుమానించండి. రెసిస్టర్ పెట్టి సెన్సార్‌ని బైపాస్ చేస్తామనే మహానుభావులూ ఉన్నారు. దాంతో లైటు ఆరుతుంది గానీ, ఎగ్జాస్ట్ నిజంగా కాలిపోతున్నా ఈసీయూకి కబురు అందదు.

మొదటి గ్యారేజీలో సెన్సార్ డబ్బులు వెనక్కి అడిగితే ఎలక్ట్రికల్ పార్టులకు రిటర్న్ లేదన్నారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం, ఇంకా తేలలేదు.