పడక రేవు పట్నంలో, షికారు అమాల్ఫీ తీరంలో: దక్షిణ ఇటలీలో మా పొదుపు యాత్ర

దక్షిణ ఇటలీ వెళ్లొచ్చామని తెలియగానే అందరూ అడిగే మొదటి మాట: పోసిటానోలో ఎక్కడ దిగారు? అమాల్ఫీ తీరంలో పేరుమోసిన ఆ ఊళ్లో మేం దిగలేదు. అక్కడ ఒక్క రాత్రికి అడిగిన డబ్బుతో ఆ దగ్గర్లోని రేవు పట్నం సలెర్నోలో మేమిద్దరం మూడు రాత్రులు ఉన్నాం. యాత్ర మొత్తానికీ పెట్టుకున్న పద్ధతే అది. జనం బతికే రేవు పట్నంలో గది తీసుకోవడం, పొద్దున్నే రైలో పడవో ఎక్కి ఆ పక్కనున్న పేరుమోసిన ఊళ్లు చూసి రాత్రికి వెనక్కి రావడం. హైదరాబాద్‌లో బయల్దేరే ముందే తగ్గించలేని ఖర్చులు కొన్ని ఉంటాయి. వీసా ఫీజు 2024 జూన్ నుంచి పెద్దవాళ్లకు మనిషికి 90 యూరోలు, పైగా 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా తప్పనిసరి. ఇక మిగిల్చుకోగలిగేది బసలో, తిండిలో, టికెట్లలోనే.

ముందు నేపుల్స్. సెంట్రల్ స్టేషన్ చుట్టుపక్కల గదులు చవగ్గా దొరుకుతాయి కానీ చీకటి పడ్డాక ఆ వీధుల్లో నాకు నచ్చలేదు. కాస్త ఎక్కువ పెట్టి పాత నగరం నడిబొడ్డున తీసుకోవడమే మేలు. 1995 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉన్న ప్రాంతం, చూడాల్సినవన్నీ నడక దూరంలోనే. ఒక్కటి మాత్రం ముందే అడగండి: లిఫ్ట్ ఉందా అని. మా గది నాలుగో అంతస్తు, మెట్లు ఎత్తైనవి, రెండు పెట్టెలు మోసేసరికి మావారి నడుం పట్టేసింది. బుకింగ్ ధరలో కలవని నగర పన్ను కూడా ఉంటుంది. మనిషికి, రాత్రికి ఇంత అని గది దగ్గరే కట్టాలి. మా దగ్గర నగదే అడిగారు.

తిండికి నేపుల్స్‌ను మించిన చవక ఊరు మాకు తగల్లేదు. మావారు శాకాహారి. మరినారా పిజ్జా మీద టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, ఆలివ్ నూనె తప్ప ఏమీ ఉండదు, చీజ్ కూడా ఉండదు. పట్టింపు ఉన్నవాళ్లకు ఇది ముఖ్యం. పార్మెజాన్ లాంటి చీజుల తయారీలో దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు మరి. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక యూరో, ఆ పైన కొంత. అదే కాఫీ కుర్చీలో కూర్చుంటే ధర మారిపోవచ్చు. భోజనశాలల్లో మెనూ చివర కోపెర్టో అని చిన్న అక్షరాలతో ఉంటుంది. బల్ల ముందు కూర్చున్నందుకు తలకింత అని. మోసం కాదు, అక్కడి అలవాటు. ముందే చూసుకుంటే బిల్లు చూసి ఉలిక్కిపడక్కర్లేదు.

టొలెడో మెట్రో స్టేషన్‌లో దిగి ఎస్కలేటర్ మీద నిలబడి పైకి చూడండి. నీలిరంగు మొజాయిక్ పలకల సముద్రం. అదంతా మెట్రో టికెట్ ధరకే. ప్రభుత్వ మ్యూజియాలు నెలలో మొదటి ఆదివారం ఉచితం, రద్దీ కూడా అలాగే ఉంటుంది. నేపుల్స్ దగ్గర, అగ్నిపర్వతపు బూడిదలో పూడిపోయిన రోమన్ల నాటి నగరం పాంపేకి 2024 నవంబర్ నుంచి రోజుకు 20,000 మందినే రానిస్తున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది. పాస్‌పోర్ట్ దగ్గర పెట్టుకోండి. లోపల నీడ తక్కువ, నీళ్ల కుళాయిలు ఉన్నాయి. సీసా తీసుకెళ్తే చాలు.

సలెర్నో మీద నాకు ప్రత్యేకమైన అభిమానం. పొడవైన సముద్రపు బాట, సాయంత్రం పిల్లాపాపలతో నడిచే కుటుంబాలు, స్థానికుల కోసమే ఉన్న కూరగాయల దుకాణాలు. గది యజమానురాలు పెద్దావిడ. మాకు ఇటాలియన్ రాదు, ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయినా పడవ వేళలు కాగితం మీద రాసిచ్చి రేవు దాకా వచ్చి చూపించింది. ఇక్కడి నుంచి అమాల్ఫీకి పడవలో అరగంట దాటి కొద్దిసేపు. బస్సు చాలా చవక, కానీ వేసవి రద్దీలో గంట పైనే పడుతుంది, వంపుల రోడ్డు. ప్రయాణంలో కడుపులో తిప్పే వాళ్లు బస్సు ఎక్కొద్దు. మేం వెళ్లేటప్పుడు పడవ, వచ్చేటప్పుడు బస్సు ఎక్కాం. పడవలు ఇంచుమించు ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకే నడుస్తాయి. బస్సు టికెట్ టబాక్కి అనే పొగాకు దుకాణాల్లో ముందే కొనుక్కోవడం మంచిది.

అమాల్ఫీ ప్రధాన చర్చి ఎదుట 62 మెట్లు, కింద జనసంద్రం. ఒక గంట చాలు. అక్కడి నుంచి పది నిమిషాలు నడిస్తే అట్రానీ. విస్తీర్ణంలో ఇటలీ మొత్తంలో అతి చిన్న మునిసిపాలిటీ. బీచ్‌లో గొడుగు, పడక కుర్చీ అద్దెకిచ్చే భాగం కాక ఉచితంగా తువ్వాలు పరుచుకునే భాగం కూడా ఉంది. మధ్యాహ్నమంతా అక్కడే ఉండిపోయాం. పోసిటానో పడవలోంచే చూశాం, అది చాలు అనిపించింది.

పడమటి తీరం నుంచి తూర్పు తీరంలోని రేవు పట్నం బారీకి, నేపుల్స్ నుంచి నేరు బస్సు ఎక్కాం. బారీ పాతబస్తీలో ఆర్కో బాసో వీధిలో ఆడవాళ్లు గుమ్మాల ముందు బల్లలేసుకుని ఒరెక్కియెట్టె పాస్తా చేస్తుంటారు. కత్తితో పిండిని లాగి బొటనవేలితో తిప్పేస్తారు, చూస్తుండగానే జల్లెడ నిండిపోతుంది. సెయింట్ నికోలస్ అనే క్రైస్తవ సాధువు అస్థికలను నావికులు 1087లో ఇప్పటి టర్కీలోని మైరా నుంచి తెచ్చి ఇక్కడే ఉంచారు. ఆయన చర్చికి రష్యన్ ఆర్థడాక్స్ భక్తులు కూడా వస్తారు, ప్రవేశం ఉచితం. ఇక్కడ మావారికి దొరికిన నిధి ఫావే ఎ చికోరియా: ఎండు చిక్కుడు గింజల ముద్ద, పక్కన చేదు ఆకుకూర, పైన ఆలివ్ నూనె. మన ఆకుకూర పప్పు తిన్నట్టే ఉందన్నారు. పోలిన్యానో ఆ మేరే రైల్లో వెళ్లి రావచ్చు. కొండల మధ్య బీచ్ చాలా చిన్నది. తొమ్మిదిలోపు చేరితేనే కాలు మోపే చోటుంటుంది.

మతేరాకు మాత్రం మా పద్ధతి పనికిరాదు. అక్కడ రాత్రి ఉండాల్సిందే. బారీ నుంచి చిన్న రైల్వే లైను, దారిలో రొట్టెకు పేరుపొందిన అల్తమూరా. సస్సీ అనే గుహ ఇళ్లలో 1950లదాకా కుటుంబాలు పశువులతో కలిసి బతికాయి. 1952లో చట్టం చేసి సుమారు 15,000 మందిని కొత్త ఇళ్లకు తరలించారు. అలాంటి ఇంటిని ఒకదాన్ని మ్యూజియంగా ఉంచారు, మంచం పక్కనే గాడిద కొట్టం. అది చూశాక, అదే రాతిలో తొలిచిన ఖరీదైన హోటల్ గదిలో పడుకోవడానికి నాకు మనసొప్పలేదు. పైనున్న కొత్త ఊళ్లో మామూలు గది తీసుకున్నాం. ధర సగం, తేమ వాసన లేదు, సస్సీకి పది నిమిషాల నడక. పగటి బృందాలు వెళ్లిపోయాక ఆ మెట్ల వీధులన్నీ తీరిగ్గా తిరగొచ్చు. శనివారం వెళ్లి ఆదివారం తిరిగొద్దామనుకుంటే మాత్రం ఆ లైనులో ఆదివారం రైళ్లు ఉన్నాయో లేదో కనుక్కోండి. బస్సు వేళలు ముందే చూసి పెట్టుకోండి.