కేరియోటైపింగ్ పరీక్ష: ఎవరికి పనికొస్తుంది, ఎవరికి రాదు

వరుసగా గర్భస్రావాలవుతున్న దంపతులకు డాక్టర్లు రాసే పరీక్ష ఇది. తెల్లరక్తకణాల్లోని క్రోమోజోములను ఫొటో తీసి, జతలుగా పేర్చి, 46 ఉన్నాయా, ముక్కలేవైనా చోటు మారాయా అని చూస్తారు. ఆ పనికి ఇప్పటికీ దీన్ని మించింది లేదనే చెప్పాలి.

తేడా వచ్చేది ఎక్కువగా రక్తం తీసే చోటే. సోడియం హెపారిన్ ఉన్న ఆకుపచ్చ మూత ట్యూబులో 3 నుంచి 5 మి.లీ. తీయాలి. ఆకుపచ్చే కదా అని లిథియం హెపారిన్‌ది వాడినా, సీబీపీకి వాడే ఊదా మూతది వాడినా కణాలు సరిగా పెరగవు. ఇక్కడ కణం బతికుండాలి. ఫ్రీజర్‌లో పెడితే శాంపిల్ పోయినట్టే, మళ్లీ సూది తప్పదు. మామూలప్పుడు డీఎన్ఏ కేంద్రకంలో విప్పిన నూలులా పరుచుకుని ఉంటుంది. కణం విడిపోయే ముందు మాత్రమే గట్టిగా చుట్టుకుని క్రోమోజోముగా కనబడుతుంది. అందుకే దాదాపు 72 గంటలు కణాలను పెంచి, కొల్సెమిడ్ అనే మందుతో విభజనను మధ్యలో ఆపుతారు. రేపే రిపోర్టు ఇస్తామంటే నమ్మకండి.

రిపోర్టులో కనీసం 20 కణాలు లెక్కపెట్టారా, బ్యాండ్ రిజల్యూషన్ (క్రోమోజోముల మీది చారలు ఎంత వివరంగా కనబడ్డాయో చెప్పే అంకె) ఎంతో రాశారా చూడండి. 45 అని ఉన్నంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. 14వ, 21వ క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని లెక్క 45కు తగ్గినా, ముఖ్యమైన జన్యువులేవీ పోకపోతే ఆ మనిషి ఆరోగ్యంగానే ఉంటారు. కానీ బిడ్డకు డౌన్ సిండ్రోమ్ వచ్చే అవకాశముంది: తల్లి నుంచైతే సుమారు 10–15 శాతం, తండ్రి నుంచైతే చాలా తక్కువ. జెనెటిక్ కౌన్సెలింగ్ లేకుండా ఈ రిపోర్టు చేతిలో పెట్టి పంపే సెంటర్‌కు వెళ్లకపోవడమే మంచిది.

మేనరికం చేసుకున్నవాళ్లు మాత్రం, ఇద్దరిలోనూ ఒకే జన్యుదోషం ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, దీన్ని చేయించుకుని నిశ్చింతగా ఉండకూడదు. భారతంలో పద్దెనిమిది పర్వాలూ ఉన్నాయో లేదో లెక్కపెట్టడం లాంటిది ఈ పరీక్ష. పద్యంలో ఒక అక్షరం తప్పితే దీనికి తెలియదు. 50 లక్షల డీఎన్ఏ అక్షరాల జతల కంటే చిన్న మార్పు కంటికే ఆనదు. సికిల్ సెల్ అనే రక్త జబ్బుకు కారణం 11వ క్రోమోజోము మీది బీటా గ్లోబిన్ జన్యువులో మారిన ఒకే ఒక్క అక్షరం. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే (తమకు జబ్బు లేకుండా ఆ తప్పు జన్యువును మోస్తున్నవాళ్లైతే) ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 25 శాతం, వాళ్లిద్దరి కేరియోటైపూ నార్మలే. సికిల్ సెల్, బీటా తలసేమియా వాహకులను పట్టేది హెచ్‌పీఎల్‌సీ, అంటే రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే పరీక్ష. దానికి ఊదా మూత ట్యూబే సరైనది.