నగరపాలక ఫిర్యాదుల యాప్: కుప్పను తీస్తుంది, పోసినవాడి జోలికి వెళ్లదు

ఐదింటికి మూడు మార్కులు. రెండు పారిశుద్ధ్య సిబ్బందికి, ఒకటి యాప్‌కు. చర్య తీసుకోవలసిన అధికారులకు సున్నా.

హైదరాబాద్‌లో ఏ కాలనీలో చూసినా ఒక పాత ఇల్లు కూలుతూ ఉంటుంది, దాని చోట ఐదంతస్తులు లేస్తూ ఉంటాయి. మా వీధిలోనూ అదే జరుగుతోంది. కూల్చిన గోడల పెచ్చులు, ఇటుక ముక్కలు, ఇసుక అన్నీ సగం రోడ్డు మీదే. స్కూలు ఆటో మలుపు తిరగలేదు. తొలి వానకే ఇసుక కాలువలోకి దిగి, మురుగు పొంగి మా గేట్ల ముందు నిలిచింది. కాలనీ సంఘానికి కోశాధికారిని కాబట్టి ఫిర్యాదు చేసే పని నా మీద పడింది.

యాప్ వాడటం తేలిక. ఫొటో తీస్తే చోటు తనే గుర్తిస్తుంది, ఫిర్యాదు నంబరు వెంటనే ఫోనుకు వస్తుంది. కిటుకంతా విభాగం ఎంచుకోవడంలో ఉంది. అందుకే ఒకే కుప్పను పారిశుద్ధ్యం కింద ఒకసారి, రోడ్డు ఆక్రమణ కింద ఇంకోసారి పెట్టాను.

పారిశుద్ధ్యం నుంచి మర్నాడు పొద్దున్నే ఒకావిడ వచ్చింది. కుప్ప చుట్టూ తిరిగి చూసి, "సార్, ఇది మా చెత్త ఆటోలో ఎక్కేది కాదు, పెద్ద బండి పంపిస్తా" అంది. పంపించింది కూడా. పెచ్చులూ ఇటుకలూ పోయాయి. ఆవిడ పేరు రాయను గానీ, పై అధికారులు చదివితే ఆ రెండు మార్కులూ ఆవిడవే అనుకోండి.

ఆక్రమణ ఫిర్యాదు మాత్రం ఎవరూ రాకుండానే "పరిష్కరించబడింది" అయిపోయింది. జతచేసిన ఫొటోలో ఉన్నది మా వీధే. మా వేపచెట్టు చక్కగా పడింది. ఇసుక పడకుండా తీయడానికి ఎంత దూరం వెనక్కి నడిచారో గానీ, ఆ నేర్పును మెచ్చుకోవాలి.

నేను ఉద్యోగమంతా తపాలా శాఖలో చేశాను. రిజిస్టర్డ్ ఉత్తరం ఇవ్వలేకపోతే కవరు మీద కారణం రాసి తిప్పి పంపేవాళ్లం: తాళం వేసి ఉంది, పుచ్చుకోలేదు, ఊళ్లో లేరు. సంతకం లేకుండా అందినట్టు రాస్తే ఉద్యోగానికే ఎసరు. ఇక్కడ ఫిర్యాదు ముగించేటప్పుడు ఫిర్యాదుదారుని ఒక్క మాట అడగరు.

చట్టం లేక కాదు. నిర్మాణ వ్యర్థాలను సొంత ఆవరణలోనే ఉంచుకోవాలనీ, లేదా సేకరణ కేంద్రానికి చేర్చాలనీ, రోడ్డుకూ కాలువకూ అడ్డం పడనీయకూడదనీ 2016 నాటి కేంద్ర నియమాలే చెప్పాయి. వాటిని శుద్ధి చేసే ప్లాంట్లు జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఉన్నాయి. ఇదంతా ఫోనులో క్షేత్రాధికారికి చెబితే వచ్చిన జవాబు: "ఒకే కాలనీ వాళ్లు కదా సార్, మీలో మీరు మాట్లాడుకోండి." మాట్లాడుకుంటే తెమిలేదైతే మీకెందుకు ఫోన్ చేస్తాను బాబూ అన్నాను.

అసలు కోపం వచ్చింది ఆ తర్వాత. సాయంత్రం మేస్త్రీ మా గేటు దగ్గరికి వచ్చి, "పెద్దాయనా, ఫిర్యాదు మీరే పెట్టారట కదా" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, కానీ నా పేరు అతనికెలా చేరింది? ఒంటరిగా ఉండే ఆడవాళ్లు, అద్దెకున్నవాళ్లు ఈ ఒక్క కారణానికే యాప్ ముట్టుకోరు. మిగిలిన లోపాలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

సోమవారం అధికారులు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కాగితం మీద అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు తీసుకున్నాక కదలిక వచ్చింది. నోటీసు ఇచ్చారు, ఇసుక లోపలికి వెళ్లింది. జరిమానా వేశారా లేదా అన్నది ఎవరూ చెప్పరు. తర్వాతి స్లాబుకు ఇసుక లారీ మళ్లీ రోడ్డు మీదే దించింది, అంటే వేయలేదనే నా లెక్క.

దోమల మందు అడిగితే వెంటనే కొట్టారు. ఫంక్షన్ హాలు మోతకు మాత్రం ఈ యాప్ పనికిరాదు, అది పోలీసుల పని. 2000 నాటి శబ్ద నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45 దాటకూడదు. 100కు ఫోన్ చేస్తే బండి వస్తుంది, మోత తగ్గుతుంది. బండి మలుపు తిరిగాక మళ్లీ పెరుగుతుంది.

ఇసుక సంగతి తేల్చుకోవడానికి ఇప్పుడు మా సంఘం ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ (మేజిస్ట్రేట్ అధికారాలున్న ప్రభుత్వాధికారి) దగ్గరికి వెళుతోంది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద, దారికి అడ్డమైనదాన్ని తొలగించమని ఆయన ఆదేశించవచ్చు. దానికి ముందున్న క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదే 133వ సెక్షన్. మురుగు కాలువల కంపు భరించలేక మధ్యప్రదేశ్‌లోని రత్లాం వాసులు పట్టుకున్నదీ ఆ సెక్షన్‌నే. డబ్బు లేదన్న సాకు మునిసిపాలిటీకి చెల్లదని 1980లో సుప్రీంకోర్టు వారి పక్షాన తీర్పు చెప్పింది. మా అర్జీకి తేదీలు పడిన ఫొటోలూ, ప్రజావాణి నకలూ, వేపచెట్టు ఫొటోతో ముగించిన ఆ ఫిర్యాదు ప్రతీ జతచేస్తున్నాం. ఈసారి ఎవరి పేరూ లేదు, సంఘం లెటర్‌హెడ్ మీదే.