ఎంజీబీ కొనేముందు చేయించిన తనిఖీ ఎలా ఉందంటే

పాత ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఒకటి నచ్చింది. బేరం కుదిరేలోపే, పాత స్పోర్ట్స్ కార్లు బాగుచేసే మెకానిక్ ఒకాయనకు ఫీజు ఇచ్చి చూపించాను.

బానెట్ ఎత్తుతాడనుకుంటే, నేరుగా వెళ్లి తలుపుల కింద చతికిలబడ్డాడు. 1962 నుంచి 1980 దాకా తయారైన ఈ మోడల్‌కి విడిగా ఛాసిస్ (అడుగు చట్రం) ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కిందుండే సిల్స్ తుప్పు తింటే నడుం పోయినట్టే. అయస్కాంతానికి పలుచని గుడ్డ చుట్టి పెయింట్ మీద మెల్లగా జరుపుతూ పోయాడు. వెనక చక్రానికి కాస్త ముందు అది పట్టు తప్పి జారింది. అక్కడ ఉన్నది రేకు కాదు, పుట్టీ! పైన పెయింట్ మాత్రం అద్దంలా మెరుస్తోంది. తర్వాత కారును జాక్ మీద లేపి తలుపు వేయమన్నాడు. సందు మారిపోయి తలుపు పట్టేసింది, అంటే సిల్స్ బలం తగ్గి బాడీ వంగుతోందన్నమాట.

1798 సీసీ ఇంజన్ గురించి ఆయనకు పెద్ద టెన్షన్ లేదు. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ చూసి, రెండు ఎస్‌యూ కార్బురేటర్ల (పెట్రోలు, గాలి కలిపి ఇంజన్‌కి అందించేవి) స్పిండిల్స్, అంటే లోపల తిరిగే కడ్డీలు అరిగాయేమో కదిపి చూశాడు, అంతే.

రిపోర్టే నిరాశపరిచింది. ఫొటోలు మసక, వైరింగ్ గురించి ఒక్క ముక్క లేదు. ఇంత నేర్పున్న మనిషి రాతలో ఇంత బద్ధకమా? అయినా ఇచ్చిన ఫీజుకి న్యాయం జరిగింది. సిల్స్ రెండు వైపులా మార్పించే ఖర్చు మేరకు ధర తగ్గించమని ఇప్పుడు బేరమాడుతున్నాను.